తీసేసిన అరవై నలుగురు

నా పేరుకు ముందు డాక్టర్ అని ఉంటుంది. అది చూసి మా వీధిలోవాళ్లు మొదట్లో మోకాళ్ల నొప్పులకు మాత్రలు రాసివ్వమని వచ్చేవారు. నేను ఆ డాక్టర్ని కాదంటే "మరి ఏ డాక్టరమ్మా?" అనేవారు. ఆరోగ్య అర్థశాస్త్రం అని చెప్తే, పాపం, ఇంకేమీ అడక్కుండా వెళ్లిపోయేవారు. పక్కింటావిడ ఒక్కతే గుమ్మంలో నిలబడి, "అంటే రోగాలకు లెక్కలు కడతారా?" అంది. నా ఉద్యోగం గురించి అంత సరిగ్గా చెప్పినవాళ్లు ఇన్నేళ్లలో మళ్లీ కనబడలేదు. ఆవిడకు జవాబు చెప్పకుండా తలుపేసుకున్నాను.

నా పని ఇది. జబ్బు మనిషి దగ్గర కూర్చుంటాను. చేతిలో ఒక అట్ట ఉంటుంది. అట్ట మీద రెండు గీతలు. పై గీత అంటే పదేళ్లు, ఇప్పుడున్న జబ్బుతోనే. కింది గీత అంటే పూర్తి ఆరోగ్యం, కానీ పదేళ్లు ఉండవు. కింది గీత మీద ఒక ప్లాస్టిక్ ముక్క అటూ ఇటూ జరుగుతుంది. దాన్ని జరుపుతూ అడుగుతాను: "ఈ జబ్బు లేకుండా ఉండటానికి ఆ పదేళ్లలో ఎన్నేళ్లు వదులుకుంటారు?" ఒకాయన నాలుగేళ్లంటాడు. అంటే ఆయనకు జబ్బుతో పదేళ్లూ, ఆరోగ్యంగా ఆరేళ్లూ ఒకటే. మంచి ఏడాదికి నూరు మార్కులైతే ఆయన ఏడాదికి అరవై. ఇలా మూడొందల మందిని అడిగి సగటు తీస్తే ఆ జబ్బుకు ఒక అంకె వస్తుంది. ఆ అంకె పట్టుకుని పైన కూర్చున్నవాళ్లు ఏ చికిత్స ఎవరికి ఎంత ఇవ్వచ్చో తేలుస్తారు. వినడానికి ఒళ్లు జలదరిస్తోందా? క్లాసులో మొదటి రోజు పిల్లలకూ అలాగే ఉంటుంది. రెండో నెలకల్లా అలవాటు పడతారు. నేను పడలేదూ?

నా పీహెచ్‌డీ డయాలసిస్ రోగుల మీద. కిడ్నీలు చేతులెత్తేసినవాళ్లకు వారానికి మూడుసార్లు, పూటకు నాలుగు గంటలు, ఒంట్లో రక్తాన్ని మెషీన్‌లోకి తీసి, కడిగి, మళ్లీ ఎక్కిస్తారు. ఆ నాలుగు గంటలూ కుర్చీలోంచి కదలడానికి ఉండదు కాబట్టి ప్రశ్నలు అడిగేవాళ్లకు అంతకన్నా వాటంగా దొరికే జనం ఉండరు. ఈ మాట నాది కాదు, మా గైడుది. ఆయన్ను మేమంతా చాటుగా ఫుట్‌నోట్ సారు అనేవాళ్లం. ఏ చిక్కొచ్చినా ఆయన దగ్గర ఒకటే మందు. లెక్క సరిపోలేదా, ఫుట్‌నోట్లో పడేయ్. ఆసుపత్రి సగం కాగితాలే ఇచ్చిందా, ఫుట్‌నోట్లో పడేయ్. మనిషి చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. చెడ్డవాడొకడు దొరికి ఉంటే నాకు చాలా హాయిగా ఉండేది.

మూడొందల పన్నెండు మందిని అడగాలని లెక్క. రెండొందల ఎనభై రెండు దగ్గర బండి ఆగిపోయింది. ఆసుపత్రుల చుట్టూ తిరిగి చెప్పులరిగాయి గానీ కొత్తవాళ్లు దొరకలేదు. అప్పటికి మా అక్కకు డయాలసిస్ మొదలై ఏడాది. సొంతవాళ్లను అడగకూడదని నియమం ఉంది. అది నాకు తెలుసు, అక్కకు తెలియదు.

"ఇంకా ఎంతమంది కావాలే పొట్టీ?" అంది ఒకరోజు.

"ముప్పై మంది."

"నన్నడుగు. ఇరవై తొమ్మిదికి దిగుతుంది."

మా అక్క స్కూలు యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో కటింగ్ మాస్టరు. బట్ట తాను బల్ల మీద పరిచి, ఏ సైజు చొక్కాలు ఎన్నొస్తాయో, ఏ ముక్క పక్కన ఏది పేరిస్తే వృథా పోదో కాగితం ముట్టుకోకుండా చెప్పేస్తుంది. నేను ఎమ్మేలో కుస్తీ పట్టిన లెక్కల్లాంటివి ఆవిడ సుద్దముక్కతో రెండు గీతలు గీసి తేల్చేసేది. అమ్మా నాన్నా పోయాక నన్ను చదివించింది ఆ బల్లే. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా అక్కకు అర్థం కాని లెక్క ఉంటుందని మీరు పొరపాటున కూడా అనుకోకూడదని.

డయాలసిస్ గదిలో ఆవిడ కుర్చీ పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఎడమ చేతికి రెండు సూదులు, వాటికి ట్యూబులు. అట్ట చూపించి అంతా వివరించాను. అక్క శ్రద్ధగా వింది. ప్లాస్టిక్ ముక్కను కుడిచేత్తో రెండుసార్లు జరిపి చూసింది.

"ఇప్పుడు చెప్పు. ఎన్నేళ్లు వదులుకుంటావు?"

"ఎవరికిస్తున్నాను?"

"ఎవరికీ కాదక్కా. ఊరికే అనుకో."

"ఊరికే అయితే ఎందుకు వదులుకుంటాను?"

"ఈ సూదులూ ఇవీ ఉండవు కదా. ఎంచక్కా ఆరోగ్యంగా ఉంటావు. తక్కువ రోజులు, అంతే."

అక్క అట్టను పక్కకు నెట్టింది. తర్వాత నిదానంగా, చిన్నప్పుడు నాకు ఎక్కాలు చెప్పినట్టు చెప్పింది.

"సూదులంటే నాకేం ముచ్చటా? దాహంతో నాలుక పిడచకట్టుకుపోతుంది, గ్లాసుడు నీళ్లు తాగడానికి లేదు. అయినా మిగతా రోజుల్లో బల్ల దగ్గర నిలబడుతున్నానా లేదా? మీ బావతో పోట్లాడుతున్నానా లేదా? నువ్వేమంటున్నావంటే, పది మీటర్ల బట్ట ఉంది, ముడతలు పడింది, నాలుగు మీటర్లు కత్తిరించి పారేస్తే మిగతా ఆరు మీటర్లూ ఇస్త్రీ చేసిస్తానంటున్నావు. ముడతల బట్టయినా కట్టుకుంటాం గానీ పారేస్తామా? ఒక్క రోజు కూడా ఇవ్వను. రాసుకో."

రాసుకున్నాను. ఫారం చివర, అడిగినవాళ్లు నింపాల్సిన గడి ఒకటి ఉంటుంది: ప్రశ్న ఎంతవరకు అర్థమైంది? బాగా అర్థమైతే ఒకటి, కొంతవరకైతే రెండు, అసలు అర్థం కాకపోతే తొమ్మిది. పెన్సిల్‌తో ఒకటి వేశాను.

మిగతా ఇరవై తొమ్మిది మందీ ఎలాగో దొరికి, మొత్తం అయ్యాక చూస్తే, ఒక్క రోజు కూడా ఇవ్వనన్నవాళ్లు అరవై నలుగురు తేలారు. వదులుకున్నది సున్నా కాబట్టి లెక్క ప్రకారం వాళ్ల ఏడాదికి నూటికి నూరు. ఒక్కొక్కరిదీ ఒక్కో కారణం. మనవరాలి పరీక్షలయ్యేదాకా ఉండాలని ఒకావిడ. కోర్టులో దావా గెలిచేదాకా చావనని ఒకాయన. "నా ఆయుష్షుతో నీకేం పనమ్మా?" అని నన్ను కసిరినవాళ్లు ఇద్దరు. ఫారాల కట్ట పట్టుకుని సారు దగ్గరికి వెళ్లాను. ఆయన కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని తిరగేశారు.

"సున్నా అన్నవాళ్లకు ఒకటి ఎందుకేశావు?"

"అర్థమైంది సార్ వాళ్లకి. ఎదురు ప్రశ్నలు కూడా వేశారు."

"అర్థమైతే సున్నా అంటారా?"

హాస్యమాడుతున్నారనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

"ఆలోచించు. వారానికి మూడుసార్లు సూదులు. అది తప్పించుకోడానికి ఎవరైనా ఒక నెలైనా ఇస్తారు, వారమైనా ఇస్తారు. ఒక్క రోజు కూడా ఇవ్వనంటే ప్రశ్న బుర్రకెక్కలేదని అర్థం. మన రంగంలో చాలామంది ఇలాగే చేస్తారు. తొమ్మిది వేసి పక్కన పెట్టు. అరవై నలుగురిని తీసేశామని ఫుట్‌నోట్లో పడేయ్."

నా బల్ల దగ్గరికొచ్చి రబ్బరు తీశాను. ఒకట్లు చెరిపి తొమ్మిదులు వేశాను. మా అక్క ఫారం దగ్గర చెయ్యి ఆగిందని రాస్తే బావుంటుంది. ఆగలేదు. తెచ్చుకున్న టీ చల్లారకముందే అరవై నాలుగూ అయిపోయాయి. అప్పుడు నాకు తోచిందల్లా, మర్నాటికల్లా పట్టికలు తయారైపోతాయని.

డయాలసిస్ ఏడాదికి యాభై రెండు మార్కులొచ్చాయి. ఆ అంకెతో థీసిస్ వచ్చింది, జర్నల్లో పేపరొచ్చింది, ఉద్యోగం వచ్చింది, సభలకు పిలుపులొచ్చాయి. నా తర్వాత ఈ పని చేసినవాళ్లంతా నా పేపర్ని తు.చ. తప్పకుండా ఉదహరించారు. నా పాఠంలో ఒక స్లైడు కూడా ఉంది: సున్నా జవాబులను ఎలా గుర్తించాలి, ఎలా తీసేయాలి. ఏటా చెప్పాను. ఏటా వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు, "మేడమ్, వాళ్లకు నిజంగా బతకాలనుందేమో?" అని అడిగేవారు. ఏటా నవ్వించే జవాబొకటి చెప్పి కూర్చోబెట్టాను. అక్క మాత్రం దినపత్రికలో పడిన నా ఫోటోను కత్తిరించి కార్ఖానా గోడకు అంటించింది. ఊడిపోకుండా పిన్నులు కూడా తనే గుచ్చింది.

అది జరిగిన పదకొండేళ్లకు, ఈ ఏడాది, అక్క ఒక ఉత్తరం పట్టుకుని మా ఇంటికొచ్చింది. వైద్య బీమా పథకం వాళ్లు పంపింది. యాభై అయిదేళ్లు దాటిన రోగులకు వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి వారానికి రెండు డయాలసిస్‌లే ఇస్తామని రాశారు. అక్కకు యాభై ఏడు.

"మూడుంటేనే ఆదివారం సాయంత్రానికి నాకు ఆయాసమొస్తుంది," అంది. "రెండే అంటే నడుమ నాలుగు రోజులు ఖాళీ. ఒంట్లో చేరిన నీళ్లు ఎక్కడికి పోతాయి? ఊపిరితిత్తుల్లోకేగా? వీళ్లు మీ తాలూకు మనుషులే కదే? ఎందుకు చేశారో కనుక్కో. తప్పేదో పడి ఉంటుంది."

"కనుక్కుంటాలే. నువ్వేం కంగారు పడకు," అన్నాను.

కనుక్కోడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ పథకం కమిటీ నివేదిక మా డిపార్ట్‌మెంట్‌లోనే ఉంది. ఏడాది విలువ యాభై ఎనిమిది మార్కులు దాటితే మూడో డయాలసిస్ ఉంచాలి, దాటకపోతే పెద్ద వయసువాళ్లకు తీసేయాలి అని గీత గీశారు. విలువ యాభై రెండు. ఆధారం: నా పేరు, నా పేపరు, మూడో పట్టిక. పాత ఫైళ్లు తెరిచి, తీసేసిన అరవై నలుగురినీ మళ్లీ కలిపి లెక్క కట్టాను. అరవై రెండొచ్చింది. మళ్లీ కట్టాను. అరవై రెండే. వాళ్లను వాళ్ల మానాన వదిలేసి ఉంటే మా అక్క మూడో రోజు మా అక్కకు ఉండేది. ఊళ్లో ఎందరో అక్కలకు, అన్నలకు ఉండేది.

ఆ కమిటీకి అధ్యక్షుడు ఎవరనుకున్నారు? ఫుట్‌నోట్ సారే. రిటైరయ్యాక అలాంటి కుర్చీలు ఆయనకు నాలుగైదున్నాయి. వాటిలో ఇంకొకటి మా యూనివర్సిటీ ప్రొఫెసర్ల ఎంపిక కమిటీలో. నా ప్రొఫెసర్ ఇంటర్వ్యూ ఇరవై ఎనిమిదో తారీఖున. ఆరేళ్లుగా ఎదురుచూస్తున్నది.

ఆయన ఇంటికెళ్లి లెక్క చూపించాను. చదివారు. తప్పులేదని తెలిసిపోయింది ఆయనకు, ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"ఇప్పుడెందుకు తిరగదోడావు ఇది?"

"మా అక్కకు ఉత్తరం వచ్చింది సార్."

"అదీ సంగతి." కాగితం నా వైపు జరిపారు. "ఎవరైనా ముందు ఈ మాటే అంటారు. సొంత అక్క కోసం అంకె మార్చిందంటారు."

"అంకె నేను మార్చింది ఇప్పుడు కాదు సార్, అప్పుడు. ఆ అరవై నలుగురిలో మా అక్క కూడా ఉంది."

ఆయన నిటారుగా కూర్చున్నారు. "మీ అక్కను నువ్వే అడిగావా? ఈ మాట ఇంకెక్కడా అనకు. అదొక్కటి చాలు, థీసిస్ మొత్తం కొట్టేస్తారు." గొంతు తగ్గించి, నిజంగానే నా మేలు కోరి చెప్పారు. "ముందు ఇంటర్వ్యూ కానీ. ప్రొఫెసర్ అయ్యాక సవరణ కావాలని ఒక ఉత్తరం రాయి. ప్రొఫెసర్ రాస్తే విలువుంటుంది. ఒకటో తారీఖుకింకా మూడు రోజులుంటాయి. నేను చూసుకుంటాను."

మాట బాగానే ఉంది. ఎవరి కోసం బాగుందో నాకు తెలుసు. తెలిసే తలాడించాను. ఇంటికొచ్చి అక్కకు ఫోన్ చేసి, "పై వాళ్లతో మాట్లాడాను, అవుతుంది," అని చెప్పాను. "నాకు తెలుసే, నువ్వుంటే అవుతుందని," అంది.

ఇంటర్వ్యూ గదిలో అయిదుగురు కూర్చున్నారు. నలుగురు అడగాల్సినవే అడిగారు. అయిదో ఆవిడ బయటి యూనివర్సిటీ నుంచి వచ్చింది, తల నెరిసిన మనిషి, అప్పటిదాకా నోరు మెదపలేదు. ఆవిడ ముందు నా పేపరుంది. వేలు మూడో పట్టిక కింద, అడుగున ఉంది. పదకొండేళ్లలో ఆ ఫుట్‌నోట్ చదివిన మొదటి మనిషిని అక్కడ చూశాను.

"అరవై నలుగురిని తీసేశారు. వాళ్లేమన్నారు?" అని అడిగింది.

ఎంత మామూలుగా అడిగిందో. ఆ గదిలో, ఆ క్షణంలో, అక్షరం పొల్లు పోకుండా చెప్పడానికి నా దగ్గర జవాబుంది. ముడతల బట్ట గురించి చెప్పచ్చు. మనవరాలి పరీక్షల గురించి చెప్పచ్చు. సారు పైకప్పు వైపు చూస్తున్నారు.

"వాళ్లకు ప్రశ్న అర్థం కాలేదండీ."

"అందరికీనా?"

"అందరికీ."

"మీరే స్వయంగా అడిగారా?"

"అవునండీ. నేనే అడిగాను."

ఆవిడ నన్ను చూసింది. కోపంగా కాదు. కోపంగా చూసినా బావుండేది. పేపరు మూసి, "సరే," అంది.

నాకు పోస్టు వచ్చింది. ఆ సాయంత్రమే సవరణ ఉత్తరం రాసి, మర్నాడు సారు దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన కవరు కూడా విప్పలేదు.

"నిన్న నువ్వు చెప్పింది మినిట్స్‌లోకి ఎక్కింది," అన్నారు. "ఆవిడే పట్టుబట్టి రాయించింది. అరవై నలుగురికీ ప్రశ్న అర్థం కాలేదని అభ్యర్థి స్వయంగా చెప్పారని. ఇవాళ నువ్వే అర్థమైందంటే నీ పోస్టు నిలుస్తుందా? నా కమిటీ నిలుస్తుందా?"

"మీరే కదా సార్ తర్వాత రాయమన్నారు?"

"రాయమన్నాను. అక్కడ అలా చెప్పమన్నానా?"

నిజమే. చెప్పమనలేదు. ఆ ఒక్క ముక్కా నా సొంతం.

"మరి మా అక్క?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. "మూడేళ్లకోసారి పట్టికలు సవరిస్తారు. అప్పుడు చూద్దాం. మూడేళ్లెంతలో గడుస్తాయి?"

అట్ట ముందు కూర్చోబెట్టి వందలమందిని అడిగాను నేను. అంత తేలిగ్గా మూడేళ్లు వదులుకున్నవాళ్లను చూడలేదు. అవి ఆయనవి కావు కదా. అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఎవరి మీద అరవను? కవరు తీసుకుని వచ్చేశాను. పోస్టులో వేయచ్చు, ఎవరాపారు? వేయలేదు. ప్రొఫెసర్ అని రాసిన కొత్త బోర్డు నా గది తలుపుకు బిగిస్తుంటే పక్కన నిలబడి, కొంచెం ఎడమకు వంగిందని చెప్పాను.

ఒకటో తారీఖు వచ్చింది. మూడో రోజు పోయింది. మొదటి వారం అక్క ముఖం ఉబ్బింది. రెండో వారం పాదాలు చెప్పుల్లో పట్టలేదు. పడుకుంటే ఊపిరాడక రాత్రుళ్లు కూర్చునే ఉంటోందని బావ చెప్పాడు, నన్ను కాదు, పక్కనున్న గోడను చూస్తూ. కార్ఖానాకు వెళ్లడం మానేసింది. ఒకప్పుడు బట్ట గురించి చెప్పిన నోటితో, "బల్ల ఎత్తుకు చెయ్యి లేవట్లేదే," అంది.

మూడో వారం సోమవారం అక్కకు నిజం చెప్పేద్దామని డయాలసిస్ గదికి వెళ్లాను. తిడుతుంది. తిట్టాలి. చెంప పగలగొట్టినా పడదామనుకున్నాను. నా ముఖం చూడనంటే అప్పుడైనా ఆ కవరు పోస్టు చేసే ధైర్యం వస్తుందేమోనని ఆశ. అలాంటి ఆశ కూడా పిరికివాళ్లకే పుడుతుందనుకోండి.

ఎనిమిది కుర్చీలూ నిండుగా ఉన్నాయి. నర్సు ఒక మెషీన్ దగ్గర్నుంచి ఇంకో మెషీన్ దగ్గరికి తిరుగుతోంది. స్టూలు లాక్కుని అక్క పక్కన కూర్చున్నాను.

"అక్కా, నీకొకటి చెప్పాలి."

"ప్రొఫెసరమ్మ గారొచ్చారా?" అని పక్క కుర్చీలోంచి అందుకున్నాడొకాయన. రిటైరైన బస్సు డ్రైవరు, డెబ్బై ఏళ్లుంటాయి. అందరూ డ్రైవర్ గారనే అంటారు. ఉబ్బిన కళ్లు సగమే తెరుచుకుంటున్నాయి. "అడుగుదామనుకుంటున్నానమ్మా. మీలాంటి చదువుకున్నవాళ్లేగా కమిటీల్లో కూర్చుని రాసేది? మా మూడో రోజు ఎవరు తీసేశారు? మమ్మల్ని అడిగారా ఎవరైనా? ఫలానా డ్రైవరు బతకాలనుకుంటున్నాడా చద్దామనుకుంటున్నాడా అని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు అడిగారా?"

గదిలో తలలన్నీ ఇటు తిరిగాయి. నేను నోరు తెరిచాను. ఇంతకన్నా మంచి అదను దొరకదు, చెప్పేయాల్సింది. అక్క ముందే అందుకుంది. ట్యూబులున్న చెయ్యి కదలకుండా, మిగతా ఒళ్లంతా ఆయన వైపు తిప్పింది.

"అడక్కపోవడమేంటి డ్రైవర్ గారూ? నన్నడిగింది మా చెల్లెలు. ఇదే గదిలో, ఇలాగే స్టూలేసుకుని. ఎన్నేళ్లు వదులుకుంటావని అడిగింది. ఒక్క రోజు కూడా ఇవ్వనని చెప్పాను. ఏమే పొట్టీ, రాశావు కదా అప్పుడు?"

అందరూ నన్నే చూస్తున్నారు. అక్క కళ్లల్లో అనుమానం ఇసుమంత కూడా లేదు.

"రాశాను," అన్నాను.

"విన్నారా?" అక్కకు ఆయాసం వస్తోంది, అయినా ఆపలేదు. "ఇది రాసింది. నా మాట దాని పుస్తకంలో ఉంది. పైనున్నవాళ్లే చదవలేదు. దాన్నెందుకంటారు? అది మనకోసం కాళ్లరిగేలా తిరుగుతోంది."

డ్రైవర్ గారు నా వైపు తిరిగారు. ఆయన గొంతులో కోపం పోయి, అంతకన్నా భరించలేనిదేదో వచ్చింది.

"తప్పుగా అనుకోకమ్మా, తెలియక అన్నాను. అయితే నాదీ రాసుకో. మళ్లీ చూపిస్తావుగా వాళ్లకి? నేనూ ఇవ్వను. ఒక్క పూట కూడా."

"నాది కూడా," అంది ఎదురుగా కిటికీ దగ్గరున్నావిడ.

"కాగితం తియ్యవే," అంది అక్క.

నా సంచీలో కాగితాలున్నాయి. తీశాను. చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చి అక్కడే చచ్చింది. అక్క నన్ను వెనకేసుకొచ్చాక, వాళ్లందరి ముందూ, ఆ మాట పైకి రాలేదు. తర్వాత కూడా రాలేదు. స్టూలు జరుపుకుంటూ ఒక్కో కుర్చీ దగ్గరికీ వెళ్లాను. ఒక్కొక్కరూ సూదుల్లేని చెయ్యి ఎత్తి, జాగ్రత్తగా, మెల్లగా, నాకు అర్థం కాదేమోనన్నట్టు విడమరిచి చెప్పారు. ఏడుగురూ ఒకే మాట చెప్పారు. ఏడూ రాసుకున్నాను. అక్క తన కుర్చీలోంచి మెడ సాచి, ఎవరూ తప్పిపోకుండా వరుస చూసింది.